సిగ్నల్ అందని లంకల్లో బండి కాపురం: ఏ రోజు వీడియో ఆ రోజే పెట్టాలా?

చక్రాల కాపురం

టెంపో ట్రావెలర్‌ని ఇల్లుగా మార్చుకుని, అద్దె ఇల్లు ఖాళీ చేసి, నేనూ మా ఆవిడా పూర్తిగా రోడ్డు మీదే ఉంటున్నాం. ప్రస్తుతం గోదావరి జిల్లాల్లో తిరుగుతున్నాం. ఇలా తిరుగుతూ యూట్యూబ్‌లో వీడియోలు పెట్టే మాలాంటి వాళ్లు కలిసినప్పుడల్లా ఒకటే వాదన. నెట్ లేని చోట ఆగితే ఆ రోజు వీడియో ఆ రోజు పడదు, కాబట్టి సాయంత్రానికల్లా సిగ్నల్ ఉన్న ఊరికి బండి తిప్పేయాలని కొందరంటారు. నేను వద్దంటాను. ఎందుకో చెబుతాను, తర్వాత మీ మాట కూడా చెప్పండి.

కోనసీమ మీద వచ్చే వీడియోలు వరసగా పెట్టుకుని చూడండి. దిండి, చించినాడ వంతెన, యానాం ఒడ్డు, అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు. మళ్లీ దిండి. దాదాపు అన్నీ 216 జాతీయ రహదారి పక్కనో, జనం ఎలాగూ వెళ్లే గుడి దగ్గరో తీసినవే. గోదావరి పాయలు గౌతమికీ వశిష్ఠకీ మధ్య అంత నేల ఉంది, ఇంకో పాయ వైనతేయ పొడుగునా నది మధ్య దిబ్బల మీద లంకలున్నాయి. అవి ఎందుకు కనబడవు? అక్కడ అప్‌లోడ్ అవదు కాబట్టి. అంతకు మించి కారణం లేదు. టవర్ అందే మేరకే కోనసీమ అన్నట్టు తయారైంది. ఇది నాకు చాలా బాధగా ఉంది.

లెక్క కూడా చెబుతాను. 10 నిమిషాల వీడియోని 1080పీలో, సెకనుకు 8 మెగాబిట్ల చొప్పున తయారుచేస్తే 600 ఎంబీ అవుతుంది. లంక పక్కన సెకనుకు 2 మెగాబిట్ల అప్‌లోడ్ దొరికిందంటే అదృష్టమే. ఆ వేగంతో 40 నిమిషాలు, అదీ మధ్యలో తెగకపోతే. అదే 4కేలో 35 మెగాబిట్లతో తీస్తే ఫైలు 2.6 జీబీ, దాదాపు మూడు గంటలు. అందుకే నాలుగు దాటగానే బండి స్టార్ట్ చేసి అమలాపురమో రావులపాలెమో పరుగెడతారు. డీజిల్ సంగతి అలా ఉంచండి, సాయంత్రం పోతుంది. రావులపాలెం మార్కెట్‌కి పంపాల్సిన అరటి గెలలు పడవలోంచి దించి, ఆకులు కప్పి, గట్టు మీద పేర్చేది ఆ వేళలోనే. గడ్డి మోపులతో ఆడవాళ్లు రేవు దాటేదీ అప్పుడే. వీటిని చూడటానికే కదా మనం ఇల్లు వదిలి వచ్చింది?

వారానికో, పది రోజులకో ఒకసారి పట్నం వెళ్లి, అన్నీ కలిపి ఎక్కించుకుంటే చాలు. వీడియో ఆలస్యమైతే కొంపలేం మునగవు.

రోజూ రోడ్డు మీదే

అన్నా, మీకు వేరే ఆదాయం ఉందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం జీతం ఇదే. బండి లోన్ ప్రతి నెలా కట్టాలి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది చందాదారులు, గడిచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. కొత్తగా మొదలుపెట్టినవాడు ఆ గీత దాటాలంటే వారానికోసారి పెడితే ఎప్పటికి దాటుతాడు? మా చానల్ చూసేవాళ్లలో చాలామంది రాత్రి అన్నం తినేటప్పుడు పెట్టుకుంటారు. ఆ అలవాటు ఒకసారి తప్పిందంటే మళ్లీ తెచ్చుకోవడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

ఇంకో సంగతి. నేను రోజూ పెట్టడం వల్ల నా దారి మారుతుంది, బాగుపడుతుంది. ఈ రోజు కోటిపల్లి రేవులో ఉన్నానని పెడితే, ముక్తేశ్వరం వైపు నుంచి ఒకాయన పంటు (బండ్లని ఏరు దాటించే పడవ) ఎన్నింటికి ఆగిపోతుందో రాస్తాడు. ఇంకొకరు మా ఇంటికి భోజనానికి రమ్మంటారు. పది రోజుల తర్వాత పెట్టేసరికి నేను ఏ భీమవరంలోనో ఉంటాను, వాళ్ల పిలుపు ఎవరికి?

మీరు లంక రైతు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఆయన వైపు నుంచే అడుగుతాను. పులస వచ్చేది వరద నీళ్లలో. ఆ సీజన్ దాటాక పులస వీడియో వస్తే వలేసినవాడికి ఒరిగేదేమిటి? ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది, వాటికి నా వీడియో అక్కర్లేదు. లంకలో జామకాయలు గంపలో పెట్టుకుని గట్టు మీద కూర్చున్న ముసలావిడకి కావాలి, అదీ కాయ ఉన్నప్పుడు కావాలి.

పాలకొల్లు పిల్ల

నేనూ మా అక్కా కలిసి చిన్న వ్యాన్‌లో తిరుగుతాం. ఈ చర్చలో మగవాళ్లకి తట్టని విషయం ఒకటుంది. ఉన్న చోటు నుంచి అప్పటికప్పుడు పెట్టడమంటే, ఈ రాత్రి ఇద్దరు ఆడపిల్లలు ఫలానా గట్టు మీద బండిలో పడుకున్నారని ఊరంతా చాటింపు వేయడమే.

ఒక రాత్రి పదకొండు దాటాక బండి తలుపు కొట్టారు. వీడియో చూశామండీ, సెల్ఫీ కోసం వచ్చామన్నారు. బహుశా మంచివాళ్లే. కానీ వాళ్లు వెళ్లిపోయాక కూడా మా అక్క తెల్లారేదాకా కూర్చునే ఉంది. అప్పటి నుంచి ఒకటే పద్ధతి. ఆ ఊరు వదిలి, నది దాటి, ఇంకో చోట బండి ఆపాకే వీడియో. లైవ్ లొకేషన్ ఇంట్లో నాన్నకీ, ఇంకో స్నేహితురాలికీ మాత్రమే.

సిగ్నల్ లేకపోతే ఆ లొకేషన్ కూడా వెళ్లదు కదా అంటారేమో. నిజమే, నాకున్న టెన్షన్ అదే. అందుకే మేం లంకలో రాత్రి ఉండాల్సి వస్తే, పొద్దు ఉండగానే గట్టు ఎక్కి, ఎవరి ఇంటి దగ్గర ఆపామో, ఆ ఇంటివాళ్ల ఫోన్ నంబరేమిటో మెసేజ్ పెట్టి దిగుతాం. మెసేజ్‌కి ఒక్క పాయింట్ చాలు. వీడియో కోసం సిగ్నల్ వెతక్కండి, దీనికోసం వెతకండి.

పి.గన్నవరం ఆటో

ఆలస్యమైతే కొంపలు మునగవన్నారండి. మునుగుతాయండి. మా దగ్గర నిజంగానే మునుగుతాయి.

చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఉందండి, ఏటికి అడ్డంగా వేసిన ఎత్తు తక్కువ రోడ్డు. గోదారి పొంగితే నీళ్లు దాని మీద నుంచి పోతాయి. అప్పుడిక పడవే. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరికంటే పది లక్షల క్యూసెక్కులు వదులుతున్నట్టండి. అక్కడ వదిలిన నీరు మా దగ్గరికి రావడానికి ఎంతోసేపు పట్టదు. మేం ధవళేశ్వరం నీటిమట్టం చూసుకునే గొడ్లని గట్టెక్కిస్తాం. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిందండి, అప్పుడు ఇళ్ల మీద కూర్చున్నాం.

ఇప్పుడు చెప్పండి. జూన్ ఆఖర్లో కాజ్‌వే మీద బండి నడుపుతూ తీశారు. జూలై మధ్యలో నెట్ దొరికి పెట్టారు. తెలంగాణ నుంచి బయల్దేరినాయన అది చూసి, ఇప్పుడూ అలాగే ఉందనుకుని చీకట్లో వచ్చాడనుకోండి. నీళ్లు మోకాలి లోతే కదా అనిపిస్తుందండి. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైకి తెలియదు. కారుని పక్కకి నెట్టేస్తుంది. ఇలాంటి కార్లని ఆపి వెనక్కి పంపడం ప్రతి వానాకాలం మా ఆటో స్టాండ్ వాళ్లకి మామూలేనండి. "వీడియోలో చూశాం, రోడ్డు ఉంది కదా" అని మాతోనే వాదిస్తారు.

రోజూ పెట్టమని నేననను. వరదల్లో దారి గురించి పెట్టేదయితే ఆ రోజే పెట్టండి, లేదంటే మానేయండి.

టవర్ కింద

నేను టవర్ల మెయింటెనెన్స్‌లో ఉన్నాను, డెల్టాలోనే. సిగ్నల్ ఉంది కానీ ఎక్కదు అని మీరంతా అంటుంటారు కదా, అదెందుకో చెబుతాను.

ఫోన్‌లో కనబడే పాయింట్లు టవర్ మాట మీకు ఎంత వినబడుతోందో చెబుతాయి. మీ మాట టవర్‌కి వినబడుతోందా లేదా అన్నది చెప్పవు. టవర్ పెద్ద శక్తితో పంపుతుంది, మీ ఫోన్ పంపేది వాట్‌లో ఐదో వంతు. కాబట్టి దూరంగా ఉన్నప్పుడు వీడియో చూడగలరు, ఎక్కించలేరు. దానికి తోడు 2,300 మెగాహెర్ట్జ్ లాంటి బ్యాండ్లలో పంపడానికీ దించుకోవడానికీ ఒకే దారిని సమయం లెక్కన పంచుతారు, అందులో ఎక్కువ వాటా దించుకోవడానికే. 5జీ కోసం వాడే 3,300 మెగాహెర్ట్జ్ పరిస్థితీ అంతే. పైగా పౌనఃపున్యం పెరిగేకొద్దీ కొబ్బరి మట్టలు సిగ్నల్‌ని ఎక్కువ తినేస్తాయి. వాన పడి ఆకు తడిస్తే మరీను. 700, 850, 900 లాంటి తక్కువ బ్యాండ్లే తోటల్ని దాటి దూరం వస్తాయి. ఫోన్ సెట్టింగుల్లో 5జీ ఆపేసి 4జీ మీద ఉంచితే లంకల్లో చాలాసార్లు అప్‌లోడ్ నిలకడగా ఉండటం నేను చూశాను.

మీ బండ్ల సంగతి. ఇనుప డబ్బాలో కూర్చుని హాట్‌స్పాట్ వాడుతున్నారు. రూటర్ లోపలే ఉన్నా, యాంటెన్నా మాత్రం పైకప్పు మీద ఉండాలి. బయటి యాంటెన్నా తగిలించుకునే వీలున్న రూటర్ కొనండి, రెండు సిమ్‌లు పట్టేది. టవర్ వైపు తిప్పుకునే దిశ యాంటెన్నా అయితే ఇంకా మేలు. సిగ్నల్ బూస్టర్ మాత్రం కొనొద్దు. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు కదా అని పెట్టుకుంటే చట్టప్రకారం తప్పు, అంతకంటే ముందు చుట్టుపక్కల ఊరి ఫోన్లన్నిటికీ సిగ్నల్ చెడిపోతుంది. ఏ మూల నుంచి గోల వస్తోందో వెతుకుతూ మేం రోజుల తరబడి తిరగాలి.

జనం రద్దీ ఇంకో కథ. కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో ఫోన్ నిండా పాయింట్లుంటాయి, ఒక్క ఫోటో కదలదు. అంతమంది ఒకే టవర్ మీద ఉంటే ఏ పరికరమూ ఏమీ చేయలేదు. అక్కడ తీసింది అక్కడే పెట్టాలనుకోవద్దు.

నా అభిప్రాయం అడిగితే, ఆ రోజుది ఆ రోజు పెట్టాలన్న పట్టుదల డెల్టాలో కుదరదు. రాత్రి పన్నెండు దాటాక, తెల్లారుజామున నాలుగు లోపు నెట్‌వర్క్ ఖాళీగా ఉంటుంది, అప్పుడు పెట్టి నిద్రపోండి. లేదా ఊరి కేబుల్ టీవీ అతన్ని అడగండి. చాలా ఊళ్లలో అతని దగ్గర ఫైబర్ ఉంటుంది. గంటకింతని ఇస్తే సంతోషంగా ఎక్కించనిస్తాడు. బండి తిప్పే డీజిల్ ఖర్చులో అది ఏ మూలకి?

చక్రాల కాపురం

ఆటో గారూ, మీ మాట నూటికి నూరు పాళ్లు నిజం. దారి, రేవు, కాజ్‌వే కనబడే ప్రతి వీడియోలో తీసిన తేదీ తెర మీద ఉండాల్సిందే, వివరణలో కాదు. వానాకాలమైతే దారి భాగం మొత్తం తీసేయడమే మంచిది. ఆలస్యంగా పెట్టమనే నాలాంటి వాళ్ల మీద ఆ బాధ్యత ఇంకా ఎక్కువ.

కానీ ఒకటి గమనించారా? అదే రోజు పెట్టిన వీడియో కూడా నెల తర్వాత చూసేవాడికి పాతదే. ప్రమాదం ఆలస్యంలో లేదు, తేదీ లేకపోవడంలో ఉంది.

చెల్లెమ్మా, మీ పద్ధతి మా ఆవిడకి చదివి వినిపించాను. ఇంటివాళ్ల నంబరు ముందే పంపడం మాకూ పనికొస్తుంది.

లంక మాస్టారు

నేను ఒక లంక గ్రామంలో బడిపంతులిని. ఊరి పేరు ఇక్కడ అనవసరం. మీ చర్చ అంతా చదివాను. అందరూ సిగ్నల్ లేకపోవడం మీకొచ్చిన ఇబ్బందిలా మాట్లాడుతున్నారు. వారం రోజులుండి వెళ్లిపోయేవాళ్లకి అది ఇబ్బంది. మాకు బతుకు.

మా ఊళ్లో పదో తరగతి దాటిన పిల్లలు కౌన్సెలింగ్ దరఖాస్తు పెట్టాలంటే ఏటిగట్టు ఎక్కుతారు. గట్టు మీద ఒక రావిచెట్టు ఉంది, దాని మొదట్లో కొంతమేర సిగ్నల్ వస్తుంది. ఒకరు ఫోన్ పట్టుకుని చెయ్యి పైకి చాపి నిలబడతారు, ఇంకొకరు ఆ హాట్‌స్పాట్‌తో ఫారం నింపుతారు. ఓటీపీ వేరే ఫోన్‌కి రావాలి, అది ఇంట్లో అమ్మ దగ్గర ఉంటుంది. ఫోన్ కోసం పరుగెత్తి తెచ్చేసరికి గడువు అయిపోయి పేజీ మొదటికొస్తుంది. వేలిముద్ర పడక ఈ-కేవైసీ ఆగిపోయిన ముసలాళ్లని నావలో ఎక్కించి అవతలి ఊరు తీసుకెళ్లాల్సి వస్తుంది. గాలివాన వచ్చి కరెంటు పోతే అవతలి టవర్ కూడా బ్యాటరీ ఉన్నంతసేపే. డీజిల్ ట్యాంకరు రాకపోతే అదీ మూగబోతుంది. పురిటి నొప్పులొచ్చిన మనిషి కోసం 108కి ఫోన్ చేయాలన్నా ముందు గట్టు ఎక్కాలి.

ఈ మధ్య మా పక్క లంకకి ఒక జంట బండి గట్టు మీద ఆపి వచ్చారు. మంచి మనుషులు, పిల్లలతో బాగా కలిశారు. తర్వాత వాళ్ల వీడియో మా పిల్లలే చూపించారు. "ఫోన్ మోగని స్వర్గం" అని పేరు పెట్టారు. నాకు గుండెల్లో కలుక్కుమంది. వాళ్లు ఫోన్ మోగని చోటికి వచ్చింది సెలవుకి. మా పిల్ల ఫోన్ మోగక సీటు పోగొట్టుకుంటే దానికి ఏం పేరు పెట్టాలి?

చక్రాల కాపురం గారూ, కోనసీమంటే టవర్ ఉన్నంత మేరే అయిపోయిందని మీరు రాసింది నిజం. ఆ మాట మాకు చాలా సంతోషం కలిగించింది. రండి, లంకలు చూపించండి. రోజూ పెడతారో నెలకి పెడతారో మాకు పట్టింపు లేదు. సిగ్నల్ లేకపోవడాన్ని మాత్రం అందంగా చూపించకండి.

అరిజోనా అమలాపురం

మాది అమలాపురం దగ్గర, ఇరవై ఏళ్ల పైమాటే అమెరికాలో ఇక్కడ అరిజోనాకొచ్చి. చలికాలం సెలవులకి మేమూ ఆర్‌వీలో (ఇల్లులాంటి బండిలో) తిరుగుతాం, ఏడాది పొడుగునా అందులోనే ఉండేవాళ్లు చాలామంది తెలుసు. ఇక్కడి వీడియోలు చూసి అక్కడ అలాగే చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట.

అరిజోనాలో బీఎల్ఎం అనే కేంద్ర భూముల సంస్థ కింద కనుచూపు మేర ఎడారి ఉంది. చాలా చోట్ల 28 రోజుల్లో 14 రోజుల దాకా డబ్బు కట్టకుండా ఆగొచ్చు. క్వార్ట్జ్‌సైట్ అనే చిన్న ఊరి చుట్టూ చలికాలంలో వేల ఆర్‌వీలు చేరతాయి, అప్పుడు అక్కడా నెట్ నత్తనడకే. వాళ్లేం చేస్తారంటే ఊరి లైబ్రరీకి వెళ్లి వైఫై మీద ఎక్కిస్తారు, లేకపోతే స్టార్‌లింక్ అనే శాటిలైట్ ఇంటర్నెట్ డిష్ బండి మీద పెట్టుకుంటారు. స్టార్‌లింక్‌కి మన దేశంలో 2025లో లైసెన్స్ ఇచ్చారు. అంతమాత్రాన ఇక్కడి డిష్ సూట్‌కేసులో పెట్టుకుని వచ్చి మన గట్టు మీద వాడకూడదు. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ పట్టుకొచ్చి కేసుల్లో ఇరుక్కున్న విదేశీయులున్నారు. సముద్రం ఒడ్డున ఆ గొడవ మరీ ఎక్కువ, దయచేసి ఎవరూ ఆ సాహసం చేయకండి.

ఇక్కడ సంవత్సరాలుగా ఆర్‌వీలోనే ఉంటూ చానల్ నడిపేవాళ్లు చాలామంది కొన్ని వారాలు వెనకబడే పెడతారు. చూసేవాళ్లకి ఆ సంగతి తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు. చక్రాల కాపురం గారి వైపే నా ఓటు. కాకపోతే ఇక్కడి ఎడారిలో నువ్వు ఎక్కడ ఆగావో చెప్పినా నష్టపోయేవాడు లేడు. మన డెల్టాలో సెంటు భూమికి కూడా యజమాని ఉంటాడు. గట్టు ఇరిగేషన్ వాళ్లది, దాని పక్క పుంత దారి ఊరిది, తోట ఎవరిదో ఒకరిది. ఆలస్యం కంటే ముందు ఆలోచించాల్సింది చోటు పేరు చెప్పాలా వద్దా అని.

కాలువగట్టు రైతు

పైన అమెరికా ఆయన సరిగ్గా పట్టుకున్నారండి. నాకు తేదీలూ మెగాబిట్లూ తెలియవు. మా కాలువ గురించి చెప్పుకుంటాను.

1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాక తవ్విన కాలువల నీళ్లండి ఇవి. మేం పొలానికి పెట్టుకునేదీ, చెరువుకి ఎక్కించి శుద్ధి చేసి తాగేదీ ఇవే నీళ్లు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకోకపోతే వాన పడేదాకా ఊరంతా బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం చూడాలి. ఎవరో ఒకాయన మా గట్టు మీద పడుకుని, చాలా బాగుందని మ్యాప్‌లో గుర్తుతో సహా పెట్టాడు. ఆ తర్వాత వారం వారం బండ్లు. రాత్రి కనబడదు, పొద్దున్న చూస్తే బండి కింద గొట్టం, అందులోంచి సబ్బు నీళ్లు సన్నగా జారి కాలువలోకి. ఒకసారి సబ్బు నీళ్లే కాదు, అంతకంటే అసహ్యం. మావాడు బిందెతో నీళ్లు పట్టుకొచ్చే మెట్లకి నాలుగు గజాల ఎగువన.

అడిగితే "ఎక్కడ వదలాలండీ, చోటు లేదు కదా" అన్నాడు. బండి కొన్నప్పుడు ట్యాంకు పెట్టించుకున్నాడు కదా, అది మోసుకుని పట్నంలో సెప్టిక్ ట్యాంకర్ వాళ్లని పిలిచి ఖాళీ చేయించుకోవాలి. గట్టున బండి ఆపుకుంటే మాకు అభ్యంతరం లేదండి. నీళ్లడిగితే ఇస్తాం, కొబ్బరిబొండం కొట్టిస్తాం. గుర్తు పెట్టకండి. మండలం పేరు చెప్పండి చాలు.

రోజూ రోడ్డు మీదే

రైతు గారూ, మీ పోస్టు చదివాక ఇవాళ కూర్చుని నా పాత వీడియోల్లో కాలువ గట్ల గుర్తులన్నీ తీసేస్తున్నాను. ఆ విషయంలో వాదించను.

రోజూ పెట్టడం మీద మాత్రం నా మాట మారలేదు. మాస్టారి పోస్టే చూడండి. ఆ రావిచెట్టు కింద పిల్లలు ఫోన్ ఎత్తి నిలబడటం, దరఖాస్తుకి గడువు ఉన్నప్పుడే జనం చూడాలి. సీట్లు అయిపోయాక, కాలేజీలు తెరిచాక పెడితే అయ్యో పాపం అంటారు, అంతే. గడువులో చూస్తే ఎవరో ఒక అధికారి కంట పడుతుంది, ఎవరో ఒక విలేకరి ఫోన్ చేస్తాడు.

దానికి వీడియోనే అక్కర్లేదు, అది ఒప్పుకుంటాను. నేను లంకలో ఉన్న రోజుల్లో ఒక ఫోటో తీసి, సైజు రెండు మూడు వందల కేబీకి తగ్గించి, నాలుగు వాక్యాలతో పెడతాను. టవర్ కింద గారు చెప్పిన ఆ బలహీనమైన అప్‌లోడ్ మీద కూడా అది ఎక్కుతుంది. అమ్మాయిలకి ఆ పద్ధతి పనికిరాదని పాలకొల్లు పిల్ల చెప్పింది, నిజమే, ఎవరి జాగ్రత్త వాళ్లది. నాలుగు వాక్యాలు పెట్టగలిగి కూడా వారం దాచుకోవడం నాకు మింగుడు పడటం లేదు. మనం చూసింది మన సొత్తు కాదు కదా, అన్నా.

చక్రాల కాపురం

తమ్ముడూ, నాలుగు వాక్యాలకి నాకు అభ్యంతరం ఎందుకుంటుంది? పెట్టు. నేను వద్దంటున్నది సాయంత్రం బండి తిప్పడం. నీకు లంక నుంచి రెండు వందల కేబీ ఎక్కితే నువ్వు అక్కడే ఉన్నట్టే కదా. అయితే పది నిమిషాల వీడియోకి అలవాటుపడిన చానల్ నాలుగు వాక్యాలతో సరిపెట్టుకోదు. రెండో రోజుకే నిన్ను గట్టు దాటించి పట్నానికి లాక్కొస్తుంది. రావిచెట్టు దగ్గర ఒక పూట కాదు, పిల్లల దరఖాస్తు పూర్తయ్యేదాకా, ఎన్ని పూటలైతే అన్ని పూటలు కూర్చోవాలి. ఎన్నిసార్లు పేజీ మొదటికొచ్చిందో అంతా తీయాలి. అది ఆ రోజుకి పూర్తయ్యే వీడియో కాదు.

మాస్టారూ, మీరు రాసింది మేమిద్దరం రెండుసార్లు చదువుకున్నాం. సిగ్నల్ లేని చోటు ప్రశాంతంగా ఉందని నేను కెమెరా ముందు ఒక్కసారి కూడా అనలేదు, ఇక అనబోను కూడా. మీ లంకకి రావాలనుంది. అనుమతి ఎవర్ని అడగాలి, బండి ఎక్కడ ఆపాలి, ఏం చూపిస్తే మీకు ఉపయోగమో చెప్పండి. మాకు తొందర లేదు.

లంక మాస్టారు

అడిగారు కాబట్టి చెబుతున్నాను. బండి గట్టు దాకా వస్తుంది, లంకలోకి పడవే. గట్టు మీద ఆపకండి, అవతలి ఊరి హైస్కూల్ ఆవరణలో పెట్టుకోవచ్చు, హెడ్మాస్టరు గారితో నేను మాట్లాడతాను. వాడుక నీళ్ల ట్యాంకు ఖాళీ చేసుకుని రండి. తాగే నీళ్లు తెచ్చుకోండి, మా వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. సర్పంచ్ గారిని అడిగాకే కెమెరా తీయండి. పిల్లల్ని తీయాలంటే వాళ్ల తల్లిదండ్రుల్ని విడిగా అడగాలి.

ఊరి పేరు అనవసరమని ముందు నేనే అన్నాను. ఊళ్లో నలుగురం మాట్లాడుకున్నాక వీడియోలో పేరు పెట్టించాలనే అనుకున్నాం. టవర్ కావాలని అర్జీ పెట్టుకున్న ఊరికి పేరుండాలి. రైతు గారు అన్నట్టు రేవు గుర్తు మాత్రం వద్దు. తేదీ తెర మీదే వేయండి.

రోజూ రోడ్డు మీదే గారు కూడా వస్తానంటే సంతోషం. ఆయన అదే రోజు పెట్టుకోవాలంటే రావిచెట్టు దగ్గర సాయంత్రం ఆరు లోపు పిల్లల వంతు, ఆ తర్వాత ఆయన వంతు. వచ్చేది కౌన్సెలింగ్ దరఖాస్తులు నడిచే రోజుల్లో రండి, బడి ఉన్న రోజు చూసుకుని.